నోరు విప్పని తల్లులు

ఆ కుర్చీల్లో కూర్చోబోయేది తనలాంటి తల్లులేనని రబాబ్‌కి తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు. సీటుని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, వంకర సూదితో మందపాటి ఆకుపచ్చ గుడ్డ అంచు కుట్టుకుంటూ పోయింది. సూది వేలిలో దిగింది. రక్తపు చుక్క గుడ్డ మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో దారం లాగింది. నొప్పి పుట్టిందా లేదా అని కూడా ఆమె గమనించలేదు.

ఈజిప్టులోని ఈ దుమ్యాత్ ఊళ్ళో సీట్లు కుట్టే ఆడవాళ్ళకి కొదవ లేదు. మగవాళ్ళు వీధిలో చెక్క కోస్తుంటారు, ఆడవాళ్ళు ఇంట్లో సీట్లు కుడుతుంటారు, తినే రొట్టెకి కూడా వార్నిష్ వాసన అంటుకుంటుంది. కాకపోతే ఈ కుర్చీలు అమ్మకానికి చేసినవి కావు. పక్క ఊళ్ళో ఒక సెంటర్ ఉంది, ఆటిజం ఉన్న పిల్లలకి మాట తెప్పిస్తామంటారు వాళ్ళు. ఒంట్లో సీసం, పాదరసం చేరబట్టే పిల్లలు అలా అయిపోతారనీ, చేతికి డ్రిప్పు పెట్టి ఆ లోహాలన్నీ కడిగేస్తే మామూలు పిల్లలైపోతారనీ చెప్తారు. రబాబ్ మొగుడు సబ్రీ దగ్గర వాళ్ళడిగినంత డబ్బు లేదు, కానీ చేతిలో పనుంది. మీ కొత్త హాలుకి కుర్చీలన్నీ నేను చేసిస్తాను, మా వాడికి డ్రిప్పులు పెట్టండని మాట్లాడుకుని వచ్చాడు. వచ్చే శనివారమే మొదటి డ్రిప్పు.

వాడి పేరు నదీమ్. వచ్చే రంజాన్‌కి ఏడేళ్ళు నిండుతాయి. నాన్న పనిచేసే చోట రాలిన చెక్కముక్కలు ఏరుకొచ్చి, గోడ వారన పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా వరసగా పేరుస్తాడు. అందులో ఒక్కటి ఎవరి కాలైనా తగిలి కదిలిందా, ఇల్లు పీకి పందిరేస్తాడు. రంపం ఎంత మోగినా పట్టించుకోడు, అల్లంత దూరంలో ఎవరైనా తుమ్మితే మాత్రం చెవులు మూసుకుంటాడు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు, చక్కెర డబ్బా మూత తీస్తే మూడో గదిలోంచి పరుగెత్తుకొస్తాడు. అమ్మా అని ఇంతవరకూ అనలేదు.

వాడికి మూడేళ్ళప్పుడు డాక్టర్ ఆ జబ్బు పేరు చెప్పిన రోజు రబాబ్ మైక్రోబస్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతుకులాటే ఆమె ఏడుపుని ఎండగట్టేసింది.

ఈ కథ చెప్తున్న నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బిడ్డకి జ్వరం వస్తే ఏం చెయ్యాలో ఎవరినడిగినా ఒకటే చెప్తారు. ఈ సంగతి మాత్రం ఎంతమందిని అడిగితే అన్ని మాటలు. ఫోన్ తెరిస్తే ఒకాయన తెల్లకోటు వేసుకుని ఒంటె పాలు పట్టమంటాడు. ఇంకొకావిడ గోధుమ రొట్టె మానిపించమంటుంది. మరొకడు వీపుకి కొమ్ములు పెట్టి చెడురక్తం తీయించమంటాడు. చిన్నప్పుడు వేయించిన టీకాల వల్లేనని ఒకరు, టీవీ ముందు కూర్చోబెట్టడం వల్లేనని ఒకరు, తల్లి సరిగ్గా ఎత్తుకోకపోవడం వల్లేనని ఒక మహానుభావుడు. వీళ్ళందరికీ లక్షల మంది వింటున్నవాళ్ళున్నారు. వినేవాళ్ళందరూ ఆశతో చస్తున్న అమ్మలూ నాన్నలే. రబాబ్ అన్నీ చదివింది, అన్నీ వింది. సినాయ్ వైపు నుంచి ఒంటె పాలు తెప్పించింది, నదీమ్ వాటిని గోడకేసి ఉమ్మాడు. రొట్టె మానిపిస్తే వాడు అన్నం కూడా మానేసి పుల్లలా అయ్యాడు. షేక్ గారు వచ్చి వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఖురాన్ చదివితే, వాడు ఆయన గడ్డం పట్టుకుని గట్టిగా లాగాడు. ఆ ఒక్కరోజు రబాబ్‌కి నవ్వొచ్చింది. తర్వాత తర్వాత నిజం చెప్పేవాడి గొంతూ, అబద్ధం చెప్పేవాడి గొంతూ ఒకేలా వినపడసాగాయి. ఏది విన్నా తలూపేది, ఏదీ లోపలికి దిగేది కాదు.

ఆ రోజుల్లోనే ఇల్హామ్ అని ఒక టీచరమ్మ వాళ్ళ వీధి చివర స్వచ్ఛంద సంఘం వాళ్ళ గదికి వచ్చేది. టీచర్లందరినీ పిలిచినట్టే అబ్లా ఇల్హామ్ అనేవాళ్ళు. నదీమ్‌కి ఇష్టమైన వస్తువు వాడికి అందనంత ఎత్తులో పెట్టేది. వాడు ఏడ్చినా, కొట్టినా ఊరుకుని వాడి వేలు పట్టుకుని ఆ వస్తువు వైపు చూపించేది. వాడు చూపించగానే ఇచ్చేసేది. రోజూ అదే పని. ఇంట్లో కూడా అలాగే చెయ్యమనేది. విసుగు పుట్టేంత నెమ్మది చదువు అది. ఏడాదంతా గడిచాక ఒక సాయంత్రం చెరుకురసం కొట్టు ముందు నదీమ్ ఆగాడు. గ్లాసు వైపు వేలు చూపించాడు. చూపించి, వెనక్కి తిరిగి అమ్మ మొహంలోకి చూశాడు. వాడు పుట్టాక ఒక వస్తువు అడగడం కోసం ఆమె కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి. రబాబ్ కొట్టు గట్టు పట్టుకుని నిలబడింది.

ఇంటికి పరుగెత్తుకొచ్చి అత్తగారికి చెప్తే, హాజా నబవియ్యా మొదట అడిగిన మాట ఇది:

"ఎవరైనా చూశారా?"

"లేదత్తమ్మా, ఎవరూ లేరు."

"నోరు మూసుకో అయితే. మీ అమ్మకి కూడా చెప్పకు. ఎవరైనా అడిగితే మావాడు ఎప్పట్లాగే ఉన్నాడను, ఇంకా పాడైపోయాడను. తెలిసిందా?"

ఆ ముసలావిడని తప్పుపట్టలేం. సబ్రీ కంటే ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. దిష్టే మింగేసిందని ఆమె నమ్మకం. అందుకే సబ్రీకి బడికి వెళ్ళేదాకా ఆడపిల్ల గౌను తొడిగి, జమాలాత్ అని ఆడపేరు పెట్టి పిలిచింది. వాడు బతికాడు, కనక ఆ పద్ధతే గెలిచింది. ఆ సాయంత్రం ఆమె కాగితం బొమ్మ కత్తిరించి, తనకి గుర్తొచ్చిన ప్రతి ఆడదాని పేరూ చెబుతూ దాన్ని సూదితో పొడిచి పొడిచి, కుంపట్లో వేసి కాల్చింది. నదీమ్ చుట్టూ పొగ తిప్పింది. నదీమ్ తుమ్మి, చెవులు మూసుకున్నాడు.

ఆమె ఒక్కతే కాదు, ఇక్కడ అందరూ అంతే. బిడ్డకి బాగున్నప్పుడు బాగుందని చెప్పే తల్లి ఈ పట్టణం మొత్తం మీద కనపడదు. ఫస్టు మార్కు వచ్చినవాడిని పట్టుకుని ఏదో ఫెయిలవకుండా గట్టెక్కాడంటారు. పెళ్ళి కుదిరిన పిల్లకి జ్వరమంటారు. రబాబ్‌కి అది అమ్మ పాలతో వచ్చిన అలవాటు. అలా చెయ్యాలా వద్దా అని ఆలోచన కూడా రాలేదు.

సబ్రీ మాత్రం ఆ వేలు చూసి తృప్తిపడలేదు.

"ఏడాదంతా కూర్చోబెట్టి నేర్పింది వేలు ఎత్తడమా? ఇలాగైతే వాడు నాన్నా అనేసరికి నేను గోరీలో ఉంటాను," అన్నాడు. అబ్లా ఇల్హామ్ దగ్గరికి పంపడం మాన్పించాడు. రబాబ్ అడ్డు చెప్పలేదు. అప్పటికే ఆమెలో అడ్డు చెప్పే ఓపిక అడుగంటింది.

ఇక ఫోన్‌లో తల్లుల గ్రూపు ఒకటి ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి పిల్లలున్న ఆడవాళ్ళందరూ అందులో ఉన్నారు. అక్కడ తల్లులకి పిల్లల పేర్లే పేర్లు. నదీమ్ అమ్మ కనక రబాబ్‌ని ఒమ్ నదీమ్ అంటారు. అందులో ఆమెకి బాగా దగ్గరైంది ఒమ్ లుజైన్. అసలు పేరు నాహెద్, నది అవతల ఉంటుంది. కూతురు లుజైన్‌కి ఐదేళ్ళు. మాటలు లేవు గాని, టీవీలో వచ్చే ప్రతి పాటా రాగం తప్పకుండా కూనిరాగం తీస్తుంది. ఆ రాగాలు నాహెద్ రోజూ గ్రూపులో వినిపించేది. దాంతోపాటు అత్తగారి మీద చాడీలు, ఉల్లిపాయల ధర మీద తిట్లు. రబాబ్ గిన్నెలు తోముకుంటూ అవి వినేది.

ఆ సెంటర్ పేరు గ్రూపులో మొదట ఎత్తింది రబాబే. చెరుకురసం కొట్టు దగ్గర నదీమ్ వేలు చూపించడానికి కొన్నాళ్ళ ముందు, "ఈ డ్రిప్పుల సెంటర్ గురించి ఎవరికైనా తెలుసా? మావాడిని తీసుకెళ్దామా అనుకుంటున్నా," అని అడిగింది. ఎవరికీ తెలియదన్నారు. తర్వాత నదీమ్ వేలు చూపించాడు, అత్తగారు నోరు మూసుకోమంది, రబాబ్ గ్రూపులో మాట్లాడటమే మానేసింది. గొంతులో సంతోషం వినపడిపోతుందేమోనని భయం.

కొన్ని నెలలు పోయాక చూసుకుంటే, గ్రూపులో ఒక్కొక్కరూ ఆ సెంటర్‌కి వెళ్ళడం, వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే మూగబోవడం కనపడింది. నాహెద్ కూడా వెళ్తున్నానని చెప్పింది. ఆ తర్వాత లుజైన్ రాగాలు లేవు, ఉల్లిపాయల తిట్లు లేవు. ఎవరైనా పలకరిస్తే, "అల్హమ్దులిల్లా, అంతా ఆయన దయ," అని ఊరుకునేది. దేవుణ్ణి తలుచుకుని తప్పుకోవడం ఇక్కడ అందరికీ చేతనైన విద్యే.

రబాబ్‌కి ఇంకేం కావాలి? బాగుపడినవాళ్ళే నోరు కుట్టుకుంటారని ఆమెకి తనని చూసుకుంటే తెలియదూ! "వాళ్ళ పిల్లలకి నయమైపోయింది, అందుకే దాస్తున్నారు," అని సబ్రీకి చెప్పింది. ఆ మర్నాడే సబ్రీ నదీమ్‌ని వెంటబెట్టుకుని సెంటర్‌కి వెళ్ళి కుర్చీల బేరం కుదుర్చుకొచ్చాడు.

డ్రిప్పు పెట్టే ముందు మూత్రపిండాల పరీక్ష చేయించుకు రమ్మని సెంటర్ వాళ్ళు చెప్పారు. బయట చేయిస్తే ఖర్చని, బుధవారం రబాబ్ నదీమ్‌ని తీసుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ పిల్లల డాక్టర్ ఇబ్తిహాల్‌కి నోటిదురుసని పేరు. వరండా అంతా తల్లులూ పిల్లలూ, లోపల ఆవిడ ఒక చేత్తో బీన్సు వడల రొట్టె తింటూ ఇంకో చేత్తో చీటీలు రాస్తోంది.

"ఈ పరీక్ష ఎందుకమ్మా? వాడికి మూత్రం బాధ ఉందా?"

"లేదు డాక్టరమ్మా. డ్రిప్పు పెట్టాలంట, అందుకు."

"ఏం డ్రిప్పు?"

రబాబ్ చెప్పింది. డాక్టర్ రొట్టె పక్కన పెట్టింది.

"లోహాలా? ఎవరు చూశారు?"

"వాళ్ళ నాన్న తీసుకెళ్తే వాళ్ళే చూశారు. ముందు ఒక మందు మింగించి, మూత్రం పట్టి పరీక్ష చేశారు. సీసం ఎక్కువుందని కాగితం ఇచ్చారు."

"ఆ మందు మింగితే నా మూత్రంలోనూ వస్తుంది, నీ మూత్రంలోనూ వస్తుంది. లాగడానికే కదా ఆ మందు! మందివ్వకుండా ఉత్త రక్తం తీసి చూశారా? లేదు కదూ? ఇంకేం చూపించారు?"

"గోడనిండా ఫోటోలున్నాయంట. బాగయిన పిల్లలవి."

"కానివాళ్ళ ఫోటోలు ఏ గోడ మీదున్నాయి?"

రబాబ్‌కి అర్థం కాలేదు. అలా గోడలు కూడా ఉంటాయా అన్నట్టు చూసింది.

"చూడమ్మా," డాక్టర్ గొంతు తగ్గించింది. "ఒక మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే పిల్లల్ని రెండు జట్లు చెయ్యాలి. ఒక జట్టుకి మందు, ఒక జట్టుకి ఉత్త నీళ్ళు. ఎవరికి ఏది వెళ్ళిందో తల్లికీ తెలియకూడదు, చూసే డాక్టరుకీ తెలియకూడదు. ఆఖర్న బాగయినవాళ్ళనీ లెక్కపెట్టాలి, కానివాళ్ళనీ లెక్కపెట్టాలి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళనీ లెక్కపెట్టాలి. ముగ్గురినీ చెప్పినవాడి మాటే నమ్ము. ఈ మందుని అలా చూద్దామని బయల్దేరి, పిల్లలకి ప్రమాదమని ఆపేశారు. నీ బిడ్డ ఒంట్లో ఉండాల్సిన కాల్షియం కూడా లాగేస్తుందది. గుండె ఆగిపోతుంది."

"కానీ వెళ్ళినవాళ్ళందరికీ నయమైంది డాక్టరమ్మా."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పట్లేదు కాబట్టే తెలిసింది."

డాక్టర్ కాసేపు రబాబ్ మొహం వంక చూసింది. నవ్వుతుందేమో అనుకుంది రబాబ్. నవ్వలేదు. ఆవిడ కూడా ఈ ఊరి మనిషే మరి, చెప్పకపోవడమంటే ఏమిటో ఆవిడకీ తెలుసు.

"వాళ్ళలో నీకు బాగా దగ్గరి మనిషి ఉందా?"

"ఉంది."

"ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్ళి అడుగు. బిడ్డని కళ్ళతో చూడు. చూశాక కూడా పరీక్ష కావాలంటే రా, రాసిస్తాను." చీటీ మీద ఏమీ రాయకుండానే పక్కకి నెట్టి, "తర్వాతెవరమ్మా!" అని అరిచింది.

రబాబ్‌కి కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. ఇంటికి వచ్చి గుడ్డ ఉన్నంతవరకూ సీట్లు కుట్టింది. గురువారం పొద్దున నదీమ్‌ని అత్తగారి దగ్గర వదిలి, సీట్ల గుడ్డ తెస్తానని చెప్పి, పాకంలో ముంచిన మిషబ్బెక్ ఒక పొట్లం కట్టించుకుని మైక్రోబస్సెక్కింది. నది దాటుతున్నప్పుడు, నాహెద్ ఎదురుగా నిలబెట్టిన లుజైన్ అమ్మా అంటే తనకి సంతోషం కలుగుతుందా, కుళ్ళు పుడుతుందా అని ఆలోచించింది. 

తలుపు తీసిన నాహెద్‌ని చూసి ఇల్లు తప్పొచ్చానేమో అనుకుంది. గ్రూపులో ఫోటోలో ఉన్న బొద్దు మనిషి కాదు. దవడలు పీక్కుపోయాయి.

"ఒమ్ నదీమ్? నువ్వేనా? ఏమిటే ఇలా చెప్పాపెట్టకుండా..."

"చెప్తే రావద్దంటావని."

నాహెద్ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. కాసేపటికి పక్కకి జరిగింది. ముందుగదిలో కూర్చోబెట్టి టీ పెట్టింది, తెచ్చిన మిఠాయే పళ్ళెంలో సర్ది ముందు పెట్టింది. లోపలి గది తలుపు మూసే ఉంది.

"లుజైన్ ఎలా ఉంది?"

"అల్హమ్దులిల్లా."

"అది కాదే. ఎలా ఉంది?"

"చెప్పాగా. అల్హమ్దులిల్లా."

"నాహెద్, శనివారం నదీమ్‌కి మొదటి డ్రిప్పు. నీ పిల్లకి నయమైతే నాకు చెప్పకపోయినా పర్లేదు, ఒకసారి చూపించు చాలు. నా కన్ను పడుతుందనుకుంటే నేను కళ్ళు మూసుకుంటాను, గొంతు వినిపించు."

నాహెద్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి లేచి, లోపలి తలుపు తీసింది.

లుజైన్ మంచం మీద ఉంది. తలకి రెండు వైపులా దిండ్లు. కళ్ళు తెరిచే ఉన్నాయి, అవి దేన్నీ చూడట్లేదు. చేతులు మణికట్ల దగ్గర లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. పక్కన గిన్నెలో పలచటి గంజి, చెంచా. టీవీలో పాట వస్తోంది. ఆ పిల్ల గొంతులోంచి ఏ రాగమూ రావట్లేదు.

"రెండో డ్రిప్పు ఎక్కుతుంటే చేతులు కొంకర్లు పోయాయి," నాహెద్ వేరే ఎవరి పిల్ల సంగతో చెప్తున్నట్టు చెప్పింది. "ఏం కాదు, లోహం బయటికి పోతోంది, మంచిదేనన్నారు. నేనూ సరేనన్నా. చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకో అంటే పట్టుకున్నా. ఆ తర్వాత గుండె ఆగింది. ఆసుపత్రిలో మళ్ళీ కొట్టుకునేలా చేశారు గాని, అప్పటికే ఆలస్యమైందంట."

"గ్రూపులో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నా కూతుర్ని నా చేతుల్తో పట్టుకుని ఇలా చేసుకున్నానని చెప్పనా? ఎవరైనా ఆ మాట నోటితో చెప్తారా?" నాహెద్ గిన్నె ముందుకి జరుపుకుని, చెంచాతో కొద్దిగా గంజి తీసి పిల్ల పెదాల మధ్య పోసింది. సగం బయటికి కారింది. తుడిచింది. "ఒకటడుగుతాను చెప్పు. నదీమ్‌కి శనివారం మొదటి డ్రిప్పేమిటి? వాడికి ఎప్పుడో పెట్టించావుగా?"

"నేనా? నేనెప్పుడూ ఆ సెంటర్ గడప తొక్కలేదు."

చెంచా గాలిలో ఆగిపోయింది.

"నువ్వేగా అడిగావు గ్రూపులో, ఆ సెంటర్ గురించి? తీసుకెళ్దామనుకుంటున్నానన్నావు. అడిగి, ఒక్కసారిగా నోరు మూసేశావు. మా చెల్లెలు మీ బజార్లో చూసింది నిన్ను. చెరుకురసం కొట్టు దగ్గర నదీమ్ గ్లాసు చూపించి అడిగాడంట, నీ మొహంలోకి చూశాడంట. అది చెప్పింది నాకు. నేను విడిగా నిన్నడిగితే, ఏముంది, ఎప్పట్లాగే ఉన్నాడన్నావు. నాకు తెలియదా దాస్తున్నావని? వెళ్ళొచ్చింది, వాడికి నయమైంది, దిష్టి తగులుతుందని నోరు విప్పట్లేదు అనుకున్నా. నిన్ను చూసే వెళ్ళానే నేను!"

రబాబ్ ఆ చెంచా వంకే చూసింది. "అబ్లా ఇల్హామ్ నేర్పింది వాడికి," అంది. "మా వీధి చివర. వస్తువు ఎత్తులో పెట్టి, వేలు పట్టుకుని చూపించి... ఏడాది పట్టింది. అంతే. ఇంకేం లేదు."

"అంతేనా?"

"అంతే."

"ఆ మాట చెప్పడానికి నీ సొమ్మేం పోయిందే?" నాహెద్ అరవలేదు. చాలా మామూలుగా అడిగింది. అడిగి, మళ్ళీ గంజి పట్టడంలో పడింది.

రబాబ్ ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. తను తెచ్చిన మిఠాయి పళ్ళెం ఎదురుగా ఉంది. ఏం చెయ్యాలో తోచక ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అది అయిపోయాక ఇంకొకటి తీసుకుంది. పాకం వేళ్ళకి అంటుకుంది. గుండె బద్దలవ్వాల్సిన చోట తియ్యగా ఉందన్న సంగతి ఒక్కటే ఆమెకి తెలుస్తోంది, తన మీద తనకే అసహ్యం వేసింది. నాహెద్ తనని ఒక దెబ్బ కొట్టి ఉంటే బాగుండేది. పళ్ళెం ఖాళీ అయ్యాక చేతులు కడుక్కుని, చెప్పకుండానే వచ్చేసింది.

ఇంటి ముందు సబ్రీ పూర్తయిన కుర్చీలు తోపుడు బండికి ఎక్కిస్తున్నాడు. రేపు జుమ్మా, పనికి సెలవు, అందుకని సరుకు ఇవాళే పంపేద్దామని అతని తొందర.

"గుడ్డ ఏది?"

"తేలేదు. దించెయ్ అవి."

"ఏమిటి దించేది? పిచ్చా? శనివారం..."

"శనివారం లేదు. లుజైన్‌ని చూసొచ్చాను." చెప్పింది. డ్రిప్పు సంగతి, చేతులు కొంకర్లు పోవడం, గుండె ఆగడం, గంజి కారడం. ఏ మాటా తడబడకుండా, సరుకుల చీటీ చదివినట్టు చెప్పింది. సబ్రీ బండి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "వాళ్ళకి మాటిచ్చాను," అని ఒకసారి అన్నాడు.  ఒక కుర్చీ దించి గుమ్మం పక్కన పెట్టాడు, దాని మీదే కూలబడ్డాడు.

లోపల నదీమ్ చెక్కముక్కలు పేరుస్తున్నాడు. రబాబ్ వాడి పక్కన నేల మీద కూర్చుని ఫోన్ తీసింది. గ్రూపు తెరిచి, మాట రికార్డు చేసే బొత్తాం మీద వేలు పెట్టింది. హాజా నబవియ్యాకి క్షణంలో అర్థమైంది.

"ఏం చేస్తున్నావే?"

"నదీమ్ సంగతి చెప్తున్నా. వాడు వేలు చూపించడం, అబ్లా ఇల్హామ్ ఎలా నేర్పిందీ, అంతా."

"నీకేమైనా మతి పోయిందా? అంతమంది ఆడాళ్ళ కళ్ళు నా మనవడి మీద పడేస్తావా! వాడికి వచ్చిన ఆ ఒక్కటీ పోతుందే కోడలా. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు."

ముసలావిడ నిజంగానే వంగింది. రబాబ్ ఆవిడ చేతులు పట్టుకుని ఆపింది.

"పోతే మళ్ళీ నేర్పుకుంటాను అత్తమ్మా. ఏడాది పడుతుంది, పట్టనీ. లుజైన్‌కి ఎవరి కన్నూ తగల్లేదు. నేను నోరు మూసుకున్నాను చూడు, అది తగిలింది."

బొత్తాం నొక్కింది.

"నేను ఒమ్ నదీమ్‌ని. నా పేరు రబాబ్. మా నదీమ్‌కి ఆరేళ్ళు దాటాయి. వాడు తనకి కావాల్సింది వేలితో చూపిస్తాడు, చూపించి నా మొహంలోకి చూస్తాడు. ఇది నేను మీకు చెప్పలేదు, దాచాను. వాడికి నేను ఏ సెంటర్‌లోనూ ఏ డ్రిప్పూ పెట్టించలేదు. ఒంటె పాలు పట్టాను, పనిచెయ్యలేదు. రొట్టె మానిపించాను, పనిచెయ్యలేదు, వాడు చిక్కిపోయాడు. ఖురాన్ చదివించాను, షేక్ గారి గడ్డం లాగాడు. అబ్లా ఇల్హామ్ ఏడాది నేర్పితే ఒక్క వేలు లేచింది. మాట ఇంకా రాలేదు, వస్తుందో రాదో నాకు తెలియదు. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ, బాగయినవాళ్ళనే కాదు, కానివాళ్ళని కూడా లెక్కపెట్టి చెప్పినవాడినే నమ్మమంది. మన లెక్క మనం చెప్పుకుందాం. ఆ సెంటర్‌కి వెళ్ళినవాళ్ళు, ఏమైందో చెప్పండి. బాగయితే బాగయిందని, లేకపోతే లేదని."

వేలు తీసింది. మాట వెళ్ళిపోయింది. హాజా నబవియ్యా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాగితం కోసం గూట్లో తడుముకుంటోంది. బొమ్మ కత్తిరించాలి కదా, ఈసారి పేర్లు చాలా ఉన్నాయి.

గ్రూపులో అందరూ విన్నట్టు నీలం గుర్తులు పడుతూనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. రబాబ్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లుజైన్ సంగతి చెప్పే హక్కు తనకి లేదనే ఆ మాట ఎత్తలేదు. అది చెప్తే తప్ప ఎవరూ ఆగరని కూడా తెలుసు.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు అయ్యాక నాహెద్ గొంతు వచ్చింది. సలాం లేదు, పలకరింపు లేదు.

"నేను ఒమ్ లుజైన్‌ని. నా పిల్ల సంగతి నేనే చెప్తాను, వినండి."

చాలాసేపు చెప్పింది. మాటల వెనక గిన్నెకి చెంచా తగులుతున్న చప్పుడు, టీవీలో పాట. తన చేతుల్తోనే చెయ్యి పట్టుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పింది. సబ్రీ గుమ్మంలోంచి విన్నాడు. హాజా నబవియ్యా కత్తెర పక్కన పెట్టి వింది.

అది ఆగిన వెంటనే, గ్రూపులో ఇంతవరకూ ఎవరూ గొంతు వినని ఒక తల్లి అడిగింది. చిన్నపిల్లలా ఉంది గొంతు, చుట్టూ బస్సు హారన్లు.

"అక్కా, నేను ఒమ్ ఎయాద్‌ని. మేము ఇప్పుడు సెంటర్ బయటే ఉన్నాం. మావాడిని లోపలికి పిలుస్తున్నారు. మీరిద్దరూ వెళ్ళారనుకునే వచ్చాను. ఏం చెయ్యమంటారు?"

రబాబ్ ఫోన్ అందుకుంది. సూది దిగిన వేలు సలుపుతోందని ఆమెకి అప్పుడు తెలిసింది. తను బొత్తాం నొక్కేలోపే నాహెద్ గొంతు వచ్చేసింది, ఆ వెనకే తన గొంతు వెళ్ళింది, ఇద్దరిదీ ఒకటే మాట.

"ఇంటికి పో తల్లీ."